రాజీవ్ రహదారి: రైలు లేని ఊళ్ల బరువంతా మోసిన రోడ్డు

తెలంగాణ స్టేట్ హైవేల్లో ఒకటో నంబరు రాజీవ్ రహదారిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నంబరు దీనిదే. సికింద్రాబాద్ జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కితే కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట, తుర్కపల్లి, ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి, దుద్దెడ, సిద్దిపేట వరసగా వస్తాయి. శనిగరం, తిమ్మాపూర్ దాటి అలుగునూరు దగ్గర మానేరు వంతెన ఎక్కితే కరీంనగర్. ఆపైన సుల్తానాబాద్, పెద్దపల్లి, బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని. గోదావరి దాటితే మంచిర్యాల.

ఈ రోడ్డు మీద ప్రమాదాల గురించి, టోల్ గురించి, కంటోన్మెంట్‌లో ట్రాఫిక్ గురించి ఏళ్లుగా వింటున్నాం. ఈ మూడింటి వెనకా ఒకే చరిత్ర ఉంది, అది రైలు దగ్గర మొదలవుతుంది.

నిజాం కాలంలో వేసిన కాజీపేట–బల్లార్షా లైను పెద్దపల్లి, రామగుండం మీదుగా పోయింది. కరీంనగర్, సిద్దిపేట ఆ పట్టాలకు దూరంగా ఉండిపోయాయి. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు శంకుస్థాపన జరిగిన పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తి కావడానికి 2017 దాకా పట్టింది. సిద్దిపేటకు మొదటి ప్యాసింజర్ రైలు 2023 అక్టోబరు 3న వచ్చింది. అంతవరకు సిద్దిపేట నుంచి పట్నం పోవాలంటే ఆసుపత్రికైనా, చదువుకైనా, కోర్టుకైనా ఈ రోడ్డే దిక్కు. వలస కూలీలూ, కూరగాయల బుట్టలూ, పెళ్లి బృందాలూ అన్నీ దీని మీదే.

రెండో కొసన మరో కథ నడిచింది. గోదావరిఖని చుట్టూ సింగరేణి బొగ్గుబాయిలు విస్తరించాయి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం మొదలైంది. 1978 నవంబరులో ఎన్‌టీపీసీకి శంకుస్థాపన జరిగింది, అది తర్వాత 2,600 మెగావాట్లకు ఎదిగింది. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడి, ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో 2021లో మళ్లీ తెరుచుకుంది. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉండనే ఉంది. బొగ్గులో ఎక్కువ భాగం రైలెక్కినా సిమెంటు, ఎరువులు, బియ్యం, బూడిద లారీలు మాత్రం రోడ్డెక్కాయి. బస్సుల కోసం ఊరూరినీ కలుపుతూ సాగిన దారి పారిశ్రామిక రవాణా దారి కూడా అయింది.

అప్పటికది రెండు లేన్లు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ పేరు పెట్టిన ఈ రోడ్డును నాలుగు లేన్లు చేసే ఒప్పందం 2010లో కుదిరింది. పొడవు సుమారు 207 కిలోమీటర్లు, పద్ధతి బీఓటీ. అంటే కట్టిన సంస్థే పెట్టుబడి పెట్టి, ఒప్పంద కాలమంతా టోల్ వసూలు చేసుకుంటుంది. అలా దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్‌ల దగ్గర టోల్‌గేట్లు వెలిశాయి.

అసలు చిక్కు వెడల్పు చేసిన తీరులో ఉందని నా అభిప్రాయం. చాలా చోట్ల పాత దారి మలుపులు అలాగే ఉండి, వాటికి వెడల్పు మాత్రం తోడైంది. పాత రెండు లేన్ల రోడ్డు మీద మూలమలుపు వస్తే డ్రైవరు తనంతట తనే నెమ్మదించేవాడు. నాలుగు లేన్లు, నడుమ డివైడర్ కనిపించేసరికి కాలు యాక్సిలరేటర్ మీదికి పోతుంది. మలుపు మాత్రం అక్కడే ఉంది. 2018 మే 26న ప్రజ్ఞాపూర్ సమీపంలోని రిమ్మనగూడ వద్ద ఆర్టీసీ బస్సు, లారీ, మరికొన్ని వాహనాలు ఢీకొని పది మందికి పైగా చనిపోయారు. ఆ పేరు వింటే ఈ దారిన తిరిగేవాళ్లకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

డివైడర్ వేయడంతో ఊళ్లవాళ్ల నడక కూడా మారింది. చేను రోడ్డుకు అవతల, ఇల్లు ఇవతల ఉన్న రైతు ట్రాక్టరు తిప్పాలంటే యూటర్న్ దాకా పోవాలి. డీజిల్ ఖర్చుకు వెనకాడి రాంగ్ రూటులో వస్తాడు. వరికోతల కాలంలో ఇంకో ప్రమాదం: కల్లాల్లేక రోడ్డు అంచు లేనులోనే వడ్లు పోస్తారు, చీకటి పడ్డాక నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆ నలుపు తారులో కలిసిపోతుంది. రైతును తిట్టి ప్రయోజనం లేదు. ఊరికి కల్లం, పొలానికి సర్వీసు రోడ్డు ఇవ్వకుండా తప్పంతా అతని మీదికి తోయడం అన్యాయం.

ఇక నగరం కొస. జేబీఎస్ నుంచి హకీంపేట దాటేదాకా రోడ్డుకు అటూ ఇటూ కంటోన్మెంట్, రక్షణ శాఖ భూములు, వైమానిక దళ స్థావరం. వెడల్పు చేయాలన్నా, పైన వంతెన కట్టాలన్నా రక్షణ శాఖ అనుమతి కావాలి. రాష్ట్రం ఏళ్ల తరబడి అడిగింది. 2024 మార్చిలో భూముల అప్పగింతకు కేంద్రం ఒప్పుకోగానే, అదే నెల 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అల్వాల్‌లో ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. మొత్తం దాదాపు 18 కిలోమీటర్లు, అందులో 11 కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్. అంచనా వ్యయం 2,232 కోట్ల రూపాయలు.

రైలు వైపూ కదలిక ఉంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ మండలం కోమటిబండలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేసిన మనోహరాబాద్–కొత్తపల్లి లైనే సిద్దిపేటకు రైలు తెచ్చింది. అది సిరిసిల్ల మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లికి చేరాలి. అది చేరితే బస్సుల రద్దీ కొంత తగ్గవచ్చు. కారిడార్ పూర్తయితే అల్వాల్ దగ్గర గంటలు వృథా కావు. అయితే శామీర్‌పేట దాటాక ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి వైపు మలుపులను సరిచేసే పని ఈ రెండింట్లోనూ లేదు. దానికి వేరే భూసేకరణ, వేరే నిధులు కావాలి. కారిడార్‌కు పట్టిన పట్టు దీనికీ పట్టాలి.