సురినామ్ రోటీ: అపోహలు - వాస్తవాలు

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఇంట్లోనే వండి ఆర్డర్ల మీద పంపుతుంటాను. మనవాళ్లకి పులిహోర, గుత్తివంకాయ. మిగతావాళ్లు ఎక్కువగా అడిగేది సురినామ్ రోటీ, అంటే పప్పు పూర్ణం పెట్టిన రోటీ, కోడికూర, పక్కన ఇంకో కూర. ఇది నాకు నేర్పింది పక్క వాటాలో ఉండే సురినామ్ పెద్దావిడ. వాళ్ల భాషలో నాయనమ్మని ఆజీ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఉద్యోగాలకని కొత్తగా ఇక్కడికి వచ్చిన మన పిల్లలు ఒకసారి తిని, "అక్కా, ఇంట్లో ఎలా చేయాలి?" అంటారు. నేను నోరు తెరిచేలోపే "మన కోడికూర, చపాతీయే కదా" అని వాళ్లే తేల్చేస్తారు. ఆ "కదా" దగ్గరే వంట చెడుతుంది. నేనూ చెడగొట్టినదాన్నే.

అపోహ: సురినామ్ ఆఫ్రికాలో ఎక్కడో ఉంది.

దక్షిణ అమెరికాలో ఉంది, బ్రెజిల్‌కి పైన. 1975 నవంబర్ 25న డచ్ పాలన నుంచి బయటపడింది. ఆ రోజుల్లో చాలా కుటుంబాలు నెదర్లాండ్స్‌కి తరలివచ్చాయి, అందుకే ఈ వంట నాకు హేగ్‌లో దొరికింది.

అపోహ: ఇది ఉత్తరాది వంటే, పేరు మార్చారంతే.

సగం నిజం. 1863లో అక్కడ బానిసత్వం రద్దయింది. విడుదలైనవాళ్లు ఇంకో పదేళ్లు తోటల్లో పని చేయాలని షరతు పెట్టారు. ఆ గడువు తీరే ఏడాది, 1873 జూన్ 5న, కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడ కూలీలతో వచ్చి చేరింది. 1916 దాకా అలా వెళ్లినవాళ్లు సుమారు 34 వేల మంది, ఎక్కువగా భోజ్‌పురీ, అవధీ మాట్లాడే ఊళ్లవాళ్లు. మన తెలుగు కూలీలను ఎక్కించింది మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్, ఫిజీ ఓడలు. కాబట్టి ఆజీ కూరలో కరివేపాకు కోసం, చింతపండు కోసం వెతక్కండి. అలాగని బీహార్ కూరా కాదు. అందులో దక్షిణ అమెరికా మిరపకాయ ఉంటుంది, సెలరీ ఆకు ఉంటుంది, చికెన్ స్టాక్ క్యూబ్ కూడా ఉంటుంది. ఆ క్యూబ్ చూసి నేను మొహం చిట్లిస్తే, "మీరు సాంబార్ పొడి కొనరా?" అంది. నోరు మూసుకున్నాను.

అపోహ: రోటీ అంటే చపాతీ.

కాదు. బొబ్బట్టు చేయడం వచ్చినవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది, చపాతీ చేతికి కాదు. అరకిలో మైదాకి చిటికెడు బేకింగ్ పౌడర్, ఉప్పు, కాస్త నూనె వేసి మెత్తగా కలిపి అరగంట నానబెట్టాలి. లోపలి పూర్ణానికి 200 గ్రాముల పచ్చ బఠాణీ పప్పు. పచ్చ అంటే పసుపు రంగుది. శనగపప్పు వేస్తే తినడానికి బాగానే ఉంటుంది గానీ రుచి వేరు.

అసలు కిటుకు పప్పు ఉడకడంలో ఉంది. కుక్కర్ వద్దు. గిన్నెలో ఉడికిస్తూ ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. పొడిపొడిగా చితకాలి, ముద్దగా జారకూడదు. దించి నీళ్లు వంపేసి, జల్లెడలో ఆవిరి పోయేదాకా ఆరబెట్టాలి. తర్వాత వేయించిన జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి, నీటి చుక్క తగలకుండా పొడి చేయాలి. తడి ఉంటే వత్తేటప్పుడు పిండి చిరిగి పప్పు పీటంతా పరుచుకుంటుంది. నా మొదటి పది రోటీల్లో ఆరు అలాగే పోయాయి. పెనం మీద రెండు వైపులా నూనె రాసి కాల్చి, వెంటనే గుడ్డలో చుట్టేయాలి. ఆరుబయట పెడితే పావుగంటలో అట్టముక్క.

అపోహ: గరం మసాలా వేస్తే సరిపోతుంది.

గరం మసాలా చివర్లో చల్లేది. వీళ్ల మసాలా ధనియాలు, జీలకర్ర, మెంతులు ముదురుగా వేయించి, పసుపు కలిపి కొట్టిన పొడి. కిలో కోడికి మూడు పెద్ద చెంచాలు పడుతుంది. అంత పొడి నేరుగా నూనెలో పోస్తే మాడిపోయి మెంతుల చేదు పైకొస్తుంది. అందుకని ముందే నీళ్లతో ముద్దలా కలుపుకుని, ఉల్లి, వెల్లుల్లి మగ్గాక వేస్తారు. అడుగంటబోతుంటే చెంచాడు నీళ్లు, మళ్లీ వేపు, మళ్లీ చెంచాడు. నూనె పక్కకి తేలి, పచ్చి వాసన పోయాకే ఎముకతో ఉన్న కోడి ముక్కలు. కొబ్బరిపాలు, పెరుగు, జీడిపప్పు ముద్ద ఏవీ ఉండవు. కూరని చిక్కబరిచేది బంగాళాదుంపే, అంచులు కొంచెం కరిగేదాకా ఉడకాలి. ఉడికించిన గుడ్లు చివర్లో పులుసులో దొర్లించాలి. గుడ్డు లేకపోతే మా కస్టమర్లు ఫోన్ చేసి మరీ అడుగుతారు.

అపోహ: గుంటూరు కారం తిన్నవాళ్లకి మదామ్ జానెట్ ఒక లెక్కా?

మదామ్ జానెట్ వాళ్ల మిరపకాయ. బొద్దుగా, పసుపు రంగులో, చిన్న క్యాప్సికంలా అమాయకంగా కనిపిస్తుంది. మన గుంటూరు మిరపది వేరే జాతి, ఇది హబనేరో జాతి. ఘాటు చాలా రెట్లు ఎక్కువ. కానీ వీళ్లు దాన్ని వేసేది ఘాటు కోసం కాదు, పండులాంటి వాసన కోసం. కాయని కోయరు, గిల్లరు. తొడిమతో సహా పులుసు మీద తేలేలా పెట్టి, ఉడికాక జాగ్రత్తగా తీసేస్తారు. ఒకసారి నేను ధీమాగా గరిటెతో తిప్పాను, కాయ పగిలింది. 12 మంది ఆర్డర్. బంగాళాదుంపలు ఇంకో కిలో వేసినా లాభం లేకపోయింది, మొత్తం మళ్లీ వండాల్సి వచ్చింది.

అపోహ: పక్కన పెట్టే కూరకి ఏ చిక్కుడైనా పరవాలేదు.

అది మన పొడుగు అలసంద కాయ. డచ్‌లో దాని పేరుకి మేజోళ్లు జారకుండా కట్టే పట్టీ అని అర్థం, అంత పొడుగు మరి. హేగ్ సంతలో కట్టలుగా దొరుకుతుంది. ఫ్రెంచ్ బీన్స్ వేస్తే నీరుకారుతుంది. వేలెడు ముక్కలు కోసి ఉల్లి, టమాటాతో వేపితే చాలు.

అపోహ: పోమ్ అంటే బంగాళాదుంప వంటకం.

రోటీ కాదు గానీ ఇదీ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఫ్రెంచ్‌లో బంగాళాదుంపని పోమ్ ద తేర్ అంటారు, ఆ పేరు చూసి అలా అనుకుంటారు. పోమ్‌లో వేసేది మన చేమదుంపకి దగ్గర చుట్టమైన పోమ్‌టాయర్ దుంప. తురిమి, ఆ తురుము పొరల మధ్యలో కోడికూర పరిచి ఓవెన్‌లో పెడతారు. చేమదుంపలాగే పచ్చిది దురద పెడుతుంది. నారింజ, నిమ్మ రసం తప్పనిసరి, బాగా ఉడకడం ఇంకా తప్పనిసరి. పోమ్ లేని పుట్టినరోజు పుట్టినరోజే కాదని సురినామ్ వాళ్ల మాట. తురుము ఫ్రీజ్ చేసి అమ్ముతారు, అదే కొనండి, చేతులు దురద పెట్టించుకోకండి.

అపోహ: ఫోర్కుతో తినాలి.

చేత్తోనే. రోటీ చింపి, కూర పొదివి పట్టుకుని తినడమే. పొట్లంలో నేను ఫోర్కు పెట్టను, డచ్ కస్టమర్లు కూడా అడగడం మానేశారు. నాప్కిన్లు మాత్రం రెండు ఎక్కువ పెడతాను, ఆ పసుపు మరక చొక్కా మీద పడితే అంత తేలిగ్గా పోదు.