మైక్రోస్కోపు వచ్చింది, కంటి డాక్టరు పట్నంలో ఆగిపోయాడు

కంటి వైద్యుల కొరత అనగానే ముందు తలసరి లెక్కలు బయటికొస్తాయి. 2015 నాటికి 194 దేశాల్లో కలిపి 2,32,866 మంది కంటి వైద్యులున్నారు. పది లక్షల జనాభాకు సంపన్న దేశాల్లో సగటున 76 మంది ఉంటే పేద దేశాల్లో నలుగురు కూడా లేరు. నివారించగల అంధత్వాన్ని తొలగించాలని 1999లో మొదలైన ప్రపంచ కార్యక్రమం ‘విజన్ 2020’ ఆసియాకు పెట్టిన లక్ష్యం 50 వేల మందికి ఒక వైద్యుడు. మన దేశంలో నేత్ర వైద్యుల జాతీయ సంఘం సభ్యులే 20 వేలు దాటారు కాబట్టి, సగటు చూస్తే మనం మరీ వెనకబడి లేము. చిక్కంతా ఆ సగటుతోనే. అది జిల్లా కేంద్రాన్నీ, అక్కడికి నాలుగు గంటల దూరంలో ఉన్న తండానూ ఒకే గాటన కట్టేస్తుంది.

ఈ అసమానత ఎలా వచ్చిందో తెలియాలంటే ఆపరేషన్ మారిన తీరు చూడాలి. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలయ్యే నాటికి శుక్లం పట్టిన కటకాన్ని దాని పొరతో సహా బయటికి తీసేసేవారు. మైక్రోస్కోపు అక్కర్లేదు. బడి గదిలో బల్లలు వేసి, శిబిరం పెట్టి చేసేవారు. రోగి కొన్ని రోజులు కట్టుతో పడుకుని, +10 పవర్ సోడాబుడ్డి అద్దాలతో ఇంటికెళ్లేవాడు. ఆ అద్దాలు పగిలితే మళ్లీ చీకటే. అది గొప్ప వైద్యం కాదు. కానీ డాక్టరు ఊరికి వచ్చేవాడు.

కంట్లోనే కృత్రిమ లెన్స్ అమర్చడం వచ్చాక కథ తిరిగింది. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రికి చెందిన ఆరోల్యాబ్ చవక లెన్సుల తయారీకి దిగింది. 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు నడిచింది. చూపు నాణ్యత పెరిగింది, సోడాబుడ్డి అద్దాలు పోయాయి. అయితే లెన్స్ పెట్టాలంటే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు కొలిచే కెరటోమీటరు, కనుగుడ్డు పొడవు కొలిచే ఏ-స్కాన్, పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్, ఆపరేటింగ్ మైక్రోస్కోపు కావాలి. ఇవన్నీ బడి గదిలో కుదిరేవి కావు, ఇన్‌ఫెక్షన్ల భయం వేరే. అందుకే శిబిరం పరీక్షలకే పరిమితమైంది, రోగులను బస్సెక్కించి ఆసుపత్రికి తేవడం మొదలైంది. పీజీ సీట్లు కూడా మెడికల్ కాలేజీలు ఎక్కువున్న దక్షిణాది, మహారాష్ట్రల వైపే పోగుపడ్డాయి.

సంఖ్య కన్నా జట్టు ఎందుకు ముఖ్యమో ఒక లెక్క వేసి చూద్దాం. 20 లక్షల జనాభా ఉన్న జిల్లాలో, పది లక్షలకు ఏటా 6,000 చొప్పున 12,000 శుక్లాల ఆపరేషన్లు అవసరమనుకుందాం. ఒక్కో సర్జన్ 400 చేస్తే 30 మంది కావాలి. 2,000 చేస్తే ఆరుగురు చాలు. మదురై అరవింద్ ఆసుపత్రి పద్ధతిలో ఒక సర్జనుకు రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ నడుస్తుండగానే పక్క బల్ల మీది రోగికి కన్ను శుభ్రం చేసి, గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచుతారు. సర్జన్ లేవడు, మైక్రోస్కోపు చేయి అటు తిప్పుకుంటాడంతే. ఇదే సర్జన్ని శిక్షణ పొందిన నర్సు లేని ఆసుపత్రిలో వేసి, మధ్యమధ్య క్యాజువాలిటీ డ్యూటీకి పంపితే రోజుకు రెండు మూడు ఆపరేషన్లు దాటవు. పోస్టు భర్తీ అయినట్టు కాగితం మీద కనిపిస్తుంది, అంతే.

డాక్టరు కదలనప్పుడు అతని కింది స్థాయి సిబ్బందిని ఊరికి పంపడమే మార్గం. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో గ్రామీణ ఆసుపత్రి పెట్టింది. తర్వాత 50 వేల మందికొక విజన్ సెంటర్, 5 లక్షలకొక ఆసుపత్రి అనే పిరమిడ్ కట్టింది. విజన్ సెంటర్లో ఉండేది డాక్టరు కాదు, ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణ పొందిన స్థానిక టెక్నీషియన్. తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ 2023లో 1,500 బృందాలతో తిరిగినప్పుడు కూడా పరీక్షలు చేసింది ప్రధానంగా చూపు పరీక్షించి అద్దాలు సూచించే ఆప్టోమెట్రిస్టులే.

కళ్లజోళ్లకూ శుక్లాలకూ ఈ ఏర్పాటు సరిపోతుంది. శుక్లానికి ఒక్క ఆపరేషన్‌తో పని తీరిపోతుంది. షుగరు వల్ల దెబ్బతినే రెటీనా (కంటి వెనక ఉండే పొర) అలా కాదు. టెక్నీషియన్ ఊళ్లోనే రెటీనా ఫొటో తీసి పంపగలడు. లేజరు యంత్రం, దాన్ని వాడే రెటీనా నిపుణుడు మాత్రం పట్నంలోనే ఉంటారు. కొందరికి ఇంజెక్షన్లు నెల నెలా వేయాలి. బస్సు చార్జీతో పాటు ఒకరోజు కూలి కూడా పోగొట్టుకుని రెండుసార్లు వచ్చినవాడు, చూపు కాస్త నిలకడగా ఉందనిపించగానే మూడోసారి రావడం మానేస్తాడు.