సినిమా లేని పాట కోసం హైదరాబాద్ వెళ్ళొచ్చా

బుజ్జీ, పండూ, చిన్నోడా,

పోయిన శనివారం పెద్దమ్మ ఫోన్ ఎత్తట్లేదని అందరూ కంగారుపడ్డారంట, మీ అమ్మయితే మా పక్కింటివాళ్ళకి కూడా చేసిందంట. నేను హైదరాబాద్‌లో ఉన్నానర్రా, పాటల ప్రోగ్రాంకి వెళ్ళా, అక్కడ ఫోన్ మోగినా వినపడదు. మర్నాడు చెప్తే బుజ్జి అడిగింది ఏ సినిమా పాటలు పెద్దమ్మా అని, ఏ సినిమావీ కాదే అంటే సినిమా లేకుండా పాటేంటి అంది. ఆ ప్రశ్న బాగుంది. ఫోన్లో చెప్తే తేలదు, అందుకే కూర్చుని రాస్తున్నా, మధ్యాహ్నం కొబ్బరి దింపు వాళ్ళు వచ్చేలోపు ఎంత అయితే అంత.

నేను వెళ్ళింది ఒక బ్యాండ్ ప్రోగ్రాంకి, దాని పేరు ఇండియన్ ఓషన్. ఢిల్లీ వాళ్ళు, 1990లో మొదలయ్యారు. సినిమా పాటకైతే డైరెక్టర్ సీన్ చెప్తాడు, ఒకాయన రాస్తాడు, ఇంకొకాయన ట్యూన్ కడతాడు, మరొకరొచ్చి పాడి వెళ్ళిపోతారు, తెర మీద పెదాలు కదిపేది ఇంకెవరో. అది తప్పని అనట్లేదు, నాకూ ఇష్టమే ఆ పాటలు. బ్యాండ్ అంటే వేరు, నలుగురు ఒక గదిలో చేరి నెలల తరబడి వాయించుకుంటూ వాదించుకుంటూ పాట కట్టుకుంటారు, మళ్ళీ వాళ్ళే జనం ముందుకొచ్చి వాయించి పాడతారు. వాళ్ళకి సీన్ చెప్పేవాళ్ళు ఉండరు. అలా ఎవరి మీదా ఆధారపడకుండా సొంతంగా చేసుకునేవాళ్ళనే ఇండీ అంటారు, ఇండిపెండెంట్ అన్నమాట. మన రామాలయంలో ధనుర్మాసం తెల్లవారుజామున హార్మోనియం, డోలక్, తాళాలు పట్టుకుని కూర్చునే భజన వాళ్ళని ఎవరు పిలిచి సీన్ చెప్పారు చెప్పండి? వాళ్ళూ ఇండీయే నా లెక్కలో.

వీళ్ళు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక పాత ఇంట్లో ఏళ్ళ తరబడి ప్రాక్టీసు చేశారు, ఆ ఇంటి నంబరు 16/330, ఖజూర్ రోడ్. తర్వాత 2010లో ఒక ఆల్బంకి ఆ అడ్రసే పేరు పెట్టుకున్నారు, అందులో పాటలు నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఇచ్చేశారు. ఇల్లంటే అంత ప్రేమ. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు మన తాతగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది, అది మీరెవరూ చూడలేదు.

నేనప్పుడు ఢిల్లీలో ఉద్యోగం, లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. 2000లో వాళ్ళ కందీసా ఆల్బం వచ్చింది, నా రూమ్మేటు క్యాసెట్ కొంది. కందీసా అనేది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, సిరియాక్ అనే చాలా పాత భాషలోది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ రివైండ్ చేసి విన్నాం, వార్డెన్ తలుపు కొట్టేదాకా. ఆ చలికాలమే ఒక కాలేజీ లాన్‌లో వాళ్ళ షో ఉందంటే శాలువా కప్పుకుని వెళ్ళాం.

అక్కడ చూశాను అశీమ్ చక్రవర్తిని. రాక్ బ్యాండ్ అంటే అందరూ నిలబడి గెంతుతారనుకున్నా, ఈయనేమో మఠం వేసుకుని కూర్చున్నాడు, చుట్టూ తబలాలు, చేతులు వాటి మీద పరిగెడుతుంటే గొంతు మాత్రం దేనికీ తొందర లేనట్టు నింపాదిగా పైకి వెళ్ళేది. పక్కన గిటారుతో సుస్మిత్ సేన్, డ్రమ్స్ మీద అమిత్ కిలమ్, బేస్ గిటారు పట్టుకుని పాడుతూ రాహుల్ రామ్. ఈ రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషాల మీద పీహెచ్‌డీ చేసొచ్చి, నర్మదా నది మీద పెద్ద డ్యాములు వద్దని నడిచిన నర్మదా బచావో ఆందోళనలో ఆ లోయలో జనంతో పనిచేసినాయన. ఆయనలాంటి వాళ్ళ గురించి మీకు స్కూల్లో చెప్పాలి, చెప్పరు.

ఇక బేస్ అంటే ఏంటో చెప్తా, ఇది పండుగాడి కోసం, వాడు నాలుగు తీగల గిటారెందుకు ఆరుంటే మంచిది కదా అన్నాడు. ఒరేయ్, మనం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటుతాం కదా, ఇంజను స్టార్ట్ చేయగానే ఏమవుతుంది? శబ్దం చెవికి తర్వాత, ముందు కాళ్ళ కింద ఇనప రేకు అదురుతుంది, ఆ అదురు మోకాళ్ళలోకి వస్తుంది, బండి స్టాండు వేసుంటే దాని అద్దం కూడా వణుకుతుంది. అదీ బేస్. నాలుగు లావు తీగలు, మెల్లగా ఊగుతాయి కాబట్టి స్వరం కిందకి ఉంటుంది, చెవి కంటే ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. మీ ఫోన్ స్పీకరు వేలిగోరంత, అది అంత గాలిని కదపలేదు, అందుకే ఫోన్లో విన్నవాడికి ఆ పాటలో సగం అందదు. పంటుని వీడియో తీసి చూస్తే రేవు దాటినట్టు అవుతుందా?

ఆ తర్వాత నేను ఇక్కడికి వచ్చేశాను, అమ్మకి బాగోలేక, తోట చూసేవాళ్ళు లేక. ఒకసారి ఆ రూమ్మేటే ఫోన్ చేసింది, మనవాళ్ళు హైదరాబాద్ వస్తున్నారు, రావే అని. దింపు రోజులు, కాయ రాశి పోసి ఉంది, ఒలుపు వాళ్ళు ఆ వారమే దొరికారు, ఇంకోసారి చూద్దాంలే అన్నాను. 2009 డిసెంబర్ 25న అశీమ్ పోయాడు. ఆ వార్త చదివిన పేపరు మడత పెట్టి బీరువాలో పెట్టుకున్నాను, మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు చాలా రోజులు, ఆయనకి ఎవరో తెలియనివాడి కోసం ఏడుస్తున్నానంటే ఏమనుకుంటాడో అని. తర్వాత 2013లో సుస్మిత్ సేన్ కూడా బయటికొచ్చేశాడు. ఇంక ఆ బ్యాండ్ లేదనే అనుకున్నా నేను. క్యాసెట్ ట్రంకు పెట్టెలో వేసేశా.

మరి ఇప్పుడెందుకు వెళ్ళానంటే, పోయిన కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మీ బావ మొదటిసారి ప్రభ మోశాడు కదా. ఆ వెదురు కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన గంగలకుర్రు ప్రభ భుజాల మీద కౌశిక కాలవలో దిగినప్పుడు నేను గట్టు మీదే ఉన్నా. అదే ప్రభ, అవే రంగులు, అదే డప్పు, కింద భుజాలు మాత్రం ఒక్కటీ నా చిన్నప్పటివి కాదు, ఒక్కరు కూడా లేరు ఆనాటి వాళ్ళు. అయినా నీళ్ళలో అది ఒరిగి మళ్ళీ నిలబడినప్పుడు నా గుండె అలాగే ఆగింది చిన్నప్పటిలాగే. ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది, మరి ఆ బ్యాండ్‌కి మాత్రం పాతవాళ్ళు లేకపోతే అది లేనట్టేనని ఎందుకు పెట్టాను ఈ రూలు అని.

అలా టికెట్ తీసుకున్నా. పంటు దాటి నర్సాపురంలో రైలెక్కి వెళ్ళా. మొదటి పాటకి గొంతులు సరిగ్గా వినపడలేదు, డ్రమ్స్ మింగేస్తున్నాయి, జనం మధ్యలో ఒకబ్బాయి పెద్ద మీటల బల్ల ముందు కూర్చుని ఒక్కో మీట జరుపుతూ రెండో పాటకల్లా సర్దేశాడు, అతన్నే సౌండ్ ఇంజనీర్ అంటారు. స్టేజి అంచున నేల మీద స్పీకర్లు వాళ్ళ వైపే తిరిగి ఉంటాయి, అవి మనకి కాదు, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వినడానికి, వినపడకపోతే తాళం తప్పుతుంది.

ఇప్పుడు హిమాన్షు జోషి పాడుతున్నాడు, తుహిన్ చక్రవర్తి తబలా, నిఖిల్ రావు గిటారు. హిమాన్షుది వేరే గొంతు, అశీమ్‌లా పాడటానికి ప్రయత్నమే చేయడు, అది నాకు చాలా నచ్చింది. అమిత్ మధ్యలో డ్రమ్స్ వదిలేసి గబ్‌గుబి అని బెంగాల్ బావుల్ గాయకులు వాడే వాద్యం తీశాడు, మన ఉత్తరాంధ్ర జముకుల కథలో జముకు ఉంటుంది చూడండి, దానికి చుట్టం, చంకలో ఇరికించి తీగ లాగుతూ మీటుతుంటే డుబుక్కుమని నీళ్ళలో రాయి పడ్డట్టు ఉంటుంది. అతనూ రాహులూ కళ్ళతో మాట్లాడుకుంటారు, ఒకళ్ళు తల ఊపితే ఇంకొకళ్ళు పాటని ఇంకో రెండు చుట్లు తిప్పుతారు, క్యాసెట్‌లో అయిపోయిన చోట ఇక్కడ అవ్వదు. ఆ రెండు చుట్ల కోసమే వెళ్ళాలి లైవ్‌కి.

మా రేవా పాడారు. రేవా అంటే నర్మద. ఆ లోయలో జనం పాడుకునే పాట, రాహుల్ అక్కడే నేర్చుకున్నాడు. కుర్రాళ్ళంతా గొంతెత్తి పాడుతున్నారు, నా పక్కన ఒకమ్మాయి బుజ్జి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, మొత్తం నోటికి వచ్చు, ఆ అమ్మాయి పుట్టకముందు పాట అది. నేనూ పాడాను. వాళ్ళు నర్మదమ్మని పిలుస్తుంటే నాకు మన వశిష్ఠ గోదావరి కనపడుతోంది, సాయంత్రం పూట అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే ముందు ఎలా వెడల్పవుతుందో అలాగ. అశీమ్ కూర్చునే చోటు ఎక్కడుండేదో అటే చూశాను కాసేపు. తుహిన్ అక్కడే కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పటికి నర్సాపురంలో ఇంకా మంచు, మొదటి పంటు. లోపల బెంచీ ఖాళీగానే ఉంది గానీ కూర్చోలేదు, చెప్పులు విడిచి ఇంజను వైపు నిలబడ్డా, సరంగు వింతగా చూశాడు, రేవు వచ్చేదాకా అలాగే ఉన్నా.

ట్రంకు పెట్టెలోంచి క్యాసెట్ తీశాను. మన తేమకి టేపు అంచున తెల్లగా బూజు పట్టింది, దూదితో తుడిచా, చాలావరకు పోయింది. పాత టేప్ రికార్డరులో రబ్బరు బెల్టు సాగిపోయింది, రాజోలులో రిపేరు షాపతను పదిరోజుల్లో తెప్పిస్తానన్నాడు. సంక్రాంతికి వస్తారు కదా, చిన్నోడా, నువ్వు నీ పెన్సిల్ పట్టుకురా, క్యాసెట్ చక్రంలో పెట్టి తిప్పడం నీకు నేర్పుతా, పెన్ను అయితే జారిపోతుంది. కనుమకి ఆ బ్యాండ్ వాళ్ళు ఏ ఊరు వస్తారో కనుక్కుని చెప్తా, మీ అమ్మ ఒప్పుకుంటే నలుగురికీ టికెట్లు నేనే తీస్తా.

దింపు వాళ్ళు వచ్చేశారు, గేటు దగ్గర పిలుస్తున్నారు. ఉంటాను.

మీ పెద్దమ్మ