బ్లాస్ట్‌లో పైన వచ్చిందల్లా ఆర్థోలాగ్ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జీనోమ్‌లు పోల్చి చూడటమే నా ఉద్యోగం కాబట్టి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు: "సార్, అరబిడాప్సిస్ జీన్‌కి వరిలో ఆర్థోలాగ్ దొరికింది, ప్రైమర్లు ఆర్డర్ పెట్టేస్తున్నా." ఎలా తేల్చావమ్మా అని అడిగితే, "బ్లాస్ట్‌లో ఫస్ట్ అదే వచ్చింది సార్." అంతే, ఇంకేమీ ఉండదు. (బ్లాస్ట్ అంటే మనమిచ్చిన సీక్వెన్స్‌ని పోలినవాటిని వెతికి స్కోరు వరసలో పెట్టే ప్రోగ్రామ్; అరబిడాప్సిస్ ల్యాబుల్లో వాడే ఆవ కుటుంబపు చిన్న మొక్క; ప్రైమర్లు ప్రయోగంలో ఆ జన్యువుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు.)

అపోహ: టాప్ హిట్ అంటే ఆర్థోలాగే.

కాదు. బ్లాస్ట్ చెప్పేది పోలిక గురించి, ఆర్థోలాగ్ అనేది చుట్టరికం గురించి. 1970లో వాల్టర్ ఫిచ్ ఈ రెండు పేర్లూ పెట్టింది అందుకే: జాతులు విడిపోయినప్పుడు వేరైనవి ఆర్థోలాగ్‌లు, జన్యువు డూప్లికేట్ అయి వేరైనవి పారాలాగ్‌లు. స్కోరు ఎంత బాగున్నా ఈ తేడా అందులో కనిపించదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన సొంత అన్నదమ్ములు అయిపోరు కదా.

వరినే తీసుకోండి. ముంపును తట్టుకునే సబ్1ఏ జన్యువు సంగతి వరి మీద పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఒడిశా రకం ఎఫ్ఆర్13ఏలోది, మన మార్టేరులో పుట్టిన స్వర్ణ (ఎంటీయూ 7029)లోకి ఎక్కిస్తే స్వర్ణ సబ్1 వచ్చింది, రెండు వారాల దాకా నీళ్లలో మునిగినా తేరుకుంటుంది. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఈ ఏతో పాటు సబ్1బీ, సబ్1సీ కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి, మూడూ ఒకే కుటుంబం, మూడూ ఇథిలీన్ రెస్పాన్స్ ఫ్యాక్టర్లే (ఇతర జన్యువులను నడిపించే ఒక రకం ప్రొటీన్లు). బీ, సీ అన్ని రకాల్లోనూ ఉంటాయి, సబ్1ఏ మాత్రం సాగు రకాల్లో కొన్ని ఇండికాలకే పరిమితం (ఇండికా, జపోనికా సాగు వరిలో రెండు ప్రధాన వర్గాలు). 2005లో సీక్వెన్స్ పూర్తయి అందరూ రిఫరెన్స్‌గా వాడే నిప్పన్‌బరే జపోనికా రకం, అందులో సబ్1ఏ లేనే లేదు. ఇప్పుడు సబ్1ఏ ప్రొటీన్ తీసుకుని నిప్పన్‌బరే మీద బ్లాస్ట్ కొట్టండి. "లేదు" అని రాదు. దాని చుట్టం ఒకటి దర్జాగా పైన కూర్చుంటుంది, ఈ-వాల్యూ (ఆ పోలిక కాకతాళీయమో కాదో చెప్పే అంకె) చూస్తే అనుమానమే రాదు. ఒకే జాతిలో రెండు రకాల మధ్యే ఇంత తిరకాసు ఉంటే, పది కోట్ల ఏళ్ల కంటే ముందే దారులు వేరైన అరబిడాప్సిస్‌కీ వరికీ మధ్య ఎన్ని డూప్లికేషన్లు జరిగి ఎన్ని జన్యువులు పోయి ఉంటాయో మీరే ఊహించుకోండి.

"రెండు వైపులా బ్లాస్ట్ చేశా, రెండుసార్లూ అవే వచ్చాయి" అనేవాళ్లు కాస్త నయం. రెసిప్రోకల్ బెస్ట్ హిట్ మొదటి జల్లెడగా బాగానే పనికొస్తుంది, కాదనను. కానీ డూప్లికేట్ అయిన రెండు కాపీల్లో ఒక జాతిలో ఒకటి, ఇంకో జాతిలో రెండోది పోతే, మిగిలిన రెండూ పారాలాగ్‌లు అయ్యుండి కూడా ఒకదానికొకటి బెస్ట్ హిట్‌గానే వస్తాయి. జీబ్రాఫిష్ పూర్వీకుల్లో జీనోమ్ మొత్తం అదనంగా ఒకసారి రెట్టింపైంది కాబట్టి మన ఒక్క జన్యువుకి అక్కడ రెండు ఆర్థోలాగ్‌లు ఉండటం మామూలే. ఈ పద్ధతి ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది.

దీనికయ్యే ఖర్చు కళ్లారా చూశాను. ఒక పీహెచ్‌డీ అమ్మాయి మూడో ఏడాదిలో నా దగ్గరికి వచ్చింది. టాప్ హిట్‌గా వచ్చిన జన్యువుని నాకౌట్ చేసింది (పనిచేయకుండా ఆపేసింది), మొక్క మాత్రం మామూలుగానే ఉంది. ప్రయోగం సరిగ్గా చేయలేదని గైడ్ అంటారు, ఈ పిల్లకి నిద్ర పట్టదు. టాప్ హిట్ ఒక్కటే కాకుండా హిట్లన్నీ తీసుకుని, జొన్న, మొక్కజొన్న, అవుట్‌గ్రూప్‌గా (పోల్చడానికి దూరపు చుట్టంగా) ఆంబొరెల్లా అనే మొక్క ప్రొటీన్లు కూడా కలిపి, మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో అలైన్ చేసి (ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పెట్టి) ఐక్యూట్రీ ప్రోగ్రామ్‌లో ట్రీ (వంశవృక్షం) వేశాం. ఆమె నాకౌట్ చేసిన జన్యువు వేరే కొమ్మలో తేలింది. అసలుది అనోటేషన్‌లో (జీనోమ్‌లో ఏ జన్యువు ఎక్కడుందో రాసిన జాబితాలో) రెండు ముక్కలుగా విరిగి రెండు జన్యువులుగా నమోదై ఉంది, అందుకే ఒక్కో ముక్కకీ స్కోరు తగ్గి జాబితాలో కిందికి పోయింది. పక్క జన్యువుల వరస చూస్తే సింటెనీ కూడా దానివైపే ఉంది. ప్రయోగంలో లోపమేమీ లేదు, జన్యువే వేరు. ప్రైమర్లు ఆర్డర్ పెట్టకముందు ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని ఇది.

ఒకవేళ నిజంగా ఆర్థోలాగే అయినా పని కూడా అదే చేస్తుందని గ్యారంటీ లేదు, అది ప్రయోగమే చెప్పాలి.

అపోహ: వెతికితే దొరకలేదు కాబట్టి ఆ జాతిలో ఆ జన్యువు పోయినట్టే.

పక్షుల్లో లెప్టిన్ (ఆకలిని అదుపు చేసే హార్మోన్) జన్యువు గురించి ఏళ్ల తరబడి ఇదే గొడవ. 1998లో కోడిలో దొరికిందన్నారు, చూస్తే అది దాదాపు ఎలుకదే. తర్వాత అసలు పక్షులకు లేదేమో అనుకున్నారు. తీరా 2014లో డేగ, ఫించ్‌లలో బయటపడింది, ఆ తర్వాత కోడిలోనూ దొరికింది. డీఎన్ఏలో జీ, సీ అక్షరాలు ఎక్కువ ఉన్న చోట సీక్వెన్సింగ్ సరిగ్గా అందలేదు, అంతే. "పోయింది" అని రాసేముందు అసెంబ్లీని (ముక్కలు అతికించి కట్టిన జీనోమ్‌ని) అనుమానించండి.

అపోహ: నా జీన్ ట్రీ, జాతుల ట్రీ కలవలేదు, ఎక్కడో తప్పు చేశాను.

దీనికి మాత్రం టెన్షన్ పడకండి. 2012లో వచ్చిన గొరిల్లా జీనోమ్ చూడండి: మనిషికీ చింపాంజీకీ ఉన్న దగ్గరితనం కంటే, వాటిలో ఒకదానికి గొరిల్లాతోనే దగ్గరితనం ఎక్కువున్న భాగాలు జీనోమ్‌లో దాదాపు 30 శాతం. పూర్వీకుల్లోని తేడాలు జాతులు చీలేలోపు సర్దుకోలేదు, అంతకుమించి ఏం లేదు. ఎలైన్‌మెంట్ ఒకసారి చూసుకోండి, సపోర్ట్ విలువలు (ట్రీలో ఒక్కో కొమ్మ ఎంత గట్టిదో చెప్పే అంకెలు) చూసుకోండి, అవి బాగుంటే నిశ్చింతగా రాయండి.

అపోహ: అరటిపండుకీ మనకీ డీఎన్ఏ 60 శాతం ఒకటే.

వాట్సాప్‌లో ఇది ఎప్పటికీ చావదు. పోలిక గుర్తుపట్టగలిగే జన్యువుల లెక్క అది, అక్షరాల లెక్క కాదు. ఇంతకంటే దీని మీద సమయం పెట్టను.

అపోహ: ఆర్థోఫైండర్ రన్ చేశాను, పని అయిపోయింది.

జాతుల మధ్య ఆర్థోలాగ్‌లు వెతకడానికి మంచి సాధనమే, నేనూ రోజూ వాడతాను. కానీ అది ఇచ్చే ఆర్థోగ్రూప్‌లో (ఒకే పూర్వీక జన్యువు నుంచి వచ్చినవాటి గుంపులో) పారాలాగ్‌లు కూడా ఉంటాయి, జతల వారీగా కావాలంటే ఆర్థోలాగ్‌ల ఫోల్డర్ వేరే ఉంది, అది తెరవండి. ఇక లోపలికి ఏం వేశారన్నది అంతకన్నా ముఖ్యం. 2015లో టార్డిగ్రేడ్ (కంటికి ఆనని చిన్న నీటి జీవి) జన్యువుల్లో ఆరో వంతు ఇతర జీవుల నుంచి వచ్చాయని ఒక బృందం ప్రకటిస్తే, అందులో ఎక్కువ భాగం శాంపిల్‌లో కలిసిన బ్యాక్టీరియాదేనని కొద్ది రోజుల్లోనే ఇంకో బృందం చూపించింది. మన దగ్గర ఎక్కువగా కనబడే లోపం ఇంకా చిన్నది: ఒక్కో జన్యువుకి ఉన్న ఐసోఫామ్‌లన్నీ (ఒకే జన్యువు నుంచి వచ్చే వేర్వేరు ప్రొటీన్ రూపాలు) అలాగే ఫైల్లో ఉంచేస్తారు, దాంతో లేని డూప్లికేషన్లు వందల్లో పుట్టుకొస్తాయి. జన్యువుకి ఒక్క ప్రొటీన్, పొడవైనది, ఉంచండి. ఎన్‌సెంబుల్ (జీనోమ్ డేటాబేస్) ఫైళ్లకైతే ఆ పని చేసే చిన్న స్క్రిప్ట్ ఆర్థోఫైండర్ టూల్స్ ఫోల్డర్‌లోనే ఉంది.