కంపవాతానికి కొలబద్ద: రెండు వందల ఏళ్ల వెతుకులాట

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో పింఛను తీసుకునే పెద్దాయన సంతకం బ్యాంకు దగ్గరున్న పాత సంతకంతో కలవదు. మొదటి అక్షరం మామూలుగానే ఉంటుంది. రెండోది కాస్త చిన్నదవుతుంది. చివరికొచ్చేసరికి గుడులు, కొమ్ములు, వత్తులు ఒకదాని మీద ఒకటి పడి అక్షరం చీమ తలంత అవుతుంది. అప్పటికి చెయ్యి వణకడం మొదలై ఉండకపోవచ్చు కూడా. ఇంట్లోవాళ్లు బరంపురమో విశాఖపట్నమో తీసుకెళ్తారు. పార్కిన్సన్స్, అంటే కంపవాతం, అని తేలాక డాక్టరును అడిగేది ఒకటే: "రక్తపరీక్షలో ఎంతవరకు వచ్చిందో తెలుస్తుందా అండీ?"

అడగాల్సిన ప్రశ్నే అది. షుగరుకు హెచ్‌బీఏ1సీ ఉంది, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ ఉంది. ఈ జబ్బుకు అలాంటి అంకె ఇప్పటికీ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే దీన్ని ఇన్నాళ్లూ దేనితో కొలిచారో చూడాలి.

మొదట్లో కంటితోనే కొలిచారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 6గురు రోగుల గురించి రాశాడు. వారిలో కొందరిని ఆయన చూసింది వీధిలోనే. ముందుకు వంగి, అడుగులో అడుగు వేస్తూ, పరుగులాంటి నడకలో పోయేవాళ్లను గమనించి రాసిన మాటలు ఈనాటికీ చెల్లుతాయి. పారిస్‌లో షార్కో అనే నాడీవైద్యుడు వణుకును, కండరాల బిగుతును, నెమ్మదితనాన్ని విడదీసి చూసి, జబ్బుకు పార్కిన్సన్ పేరు ఖాయం చేశాడు. 1967లో హోన్, యార్ అనే ఇద్దరు వైద్యులు 5 దశల లెక్క ఇచ్చారు: ఒక పక్కే ఉంటే ఒకటి, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే ఐదు. ఆ తర్వాత వచ్చిన యూపీడీఆర్‌ఎస్ పట్టికలో వేళ్లు తాటించడం, కుర్చీలోంచి లేవడం లాంటి ఒక్కో అంశానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. నేటికీ రోగి కాగితాల్లో కనిపించేవి ఈ లెక్కలే.

వీటితో చిక్కు ఏమిటంటే, అదే మనిషి ఒకే రోజు రెండు రకాలుగా ఉంటాడు. ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు గంటన్నర చాలు. పొద్దున 6 గంటలకు మాత్ర వేసుకుని రాయగడ నుంచి బయల్దేరిన మనిషి, మధ్యాహ్నం డాక్టరు గది ముందు కూర్చునేసరికి మందు దిగిపోయి ఉంటుంది. పోయినసారి మందు ఎక్కి ఉన్నప్పుడు చూసి, ఈసారి దిగిపోయినప్పుడు చూస్తే, జబ్బు ముదరకపోయినా ముదిరినట్టే మార్కులు పడతాయి. పైగా మాట, మతిమరుపు, నిద్ర, మనసు గురించిన ప్రశ్నలకు భాష కావాలి. 1936లో ఒడిశా ఏర్పడ్డాక బరంపురం, పర్లాకిమిడి అటువైపు వెళ్లాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కేస్‌షీటులో ఇంగ్లీషు. "కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి" అన్న మాట మూడు చేతులు మారి కాగితం మీదికి వచ్చేసరికి "కాళ్ల నొప్పులు" అయిపోగలదు. భాష అడగని కొలత కోసం ఇక్కడివాళ్లు అందరికంటే ఎక్కువ ఎదురుచూడటం న్యాయమే.

రసాయనం వైపు దారి 1919లో తెరుచుకుంది. మెదడు కాండంలోని నల్లటి భాగంలో కణాలు చచ్చిపోతున్నాయని ట్రెట్యాకాఫ్ చూపించాడు. 1957లో కార్ల్‌సన్ మెదడులో సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనం ప్రాముఖ్యాన్ని బయటపెట్టాడు. 1960లో ఎరింగర్, హార్నికీవిచ్ రోగుల మెదళ్లలో డోపమిన్ అడుగంటిందని తేల్చారు. 1960ల చివర్లో కోట్జియాస్ లెవోడోపాను నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి మనుషుల్ని లేపి నడిపించాడు. ఇందులో మనవాళ్ల పాత్ర కూడా ఉంది. దూలగొండి గింజల నుంచి ఈ లెవోడోపానే దామోదరన్, రామస్వామి 1937లో వేరు చేశారు. అందుకే ఇప్పుడు మాత్రలతో పాటు దూలగొండి పొడి కూడా వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఒంట్లోకి ఎంత మందు వెళ్తోందో ఎవరికీ లెక్క తెలియదు.

మరి రక్తంలో డోపమిన్ కొలిస్తే సరిపోదా? సరిపోదు. డోపమిన్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటదు. రక్తంలో దొరికేది మెదడులోది కాదు, మిగతా ఒంట్లో తయారైంది. మొదటి ఆశ అక్కడే ఆగింది.

రెండో ఆశ ప్రొటీన్ మీద. 1912లో ఫ్రెడరిక్ లూవీ నాడీకణాల్లో గుండ్రటి ముద్దలు చూశాడు. అవి దేనితో తయారయ్యాయో తెలియడానికి 85 ఏళ్లు పట్టింది. 1997లో ఒక జన్యుమార్పు ద్వారా, అదే ఏడాది లూవీ ముద్దల పరిశీలన ద్వారా ఆల్ఫా సిన్యూక్లిన్ అనే పేరు బయటికొచ్చింది. ఈ ప్రొటీన్ తప్పుగా మడతపడితే పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే మడతపెడుతుంది. పాలలో తోడు చుక్క వేసినట్టే. సీడ్ యాంప్లిఫికేషన్ పరీక్ష చేసేది అదే పని. నడుము దగ్గర వెన్నులోంచి తీసిన నీటిలో ప్రయోగశాలలో చేసిన మంచి ప్రొటీన్ కలిపి, మడతపడ్డ పోగులకు అంటుకుని వెలిగే రంగు వేసి, గంటల తరబడి కుదుపుతారు. నీటిలో తోడు ఉంటే వెలుగు పెరుగుతుంది. 2023లో పీపీఎమ్‌ఐ అనే పెద్ద పార్కిన్సన్స్ అధ్యయనం 1,123 మందిలో దీన్ని పరీక్షించింది. పార్కిన్సన్స్ ఉన్నవారిలో 87.7 శాతం మందిని పట్టుకుంది. వాసన తెలియనివారిలో ఇంకా బాగా పట్టుకుంది, ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యుమార్పు ఉన్నవారిలో తక్కువగా.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. తోడు ఉందా లేదా అన్నదే ఈ పరీక్ష చెబుతుంది. ఎంత ముదిరిందో చెప్పదు. 2024లో మెడ, తొడ, కాలి దగ్గర 3 మిల్లీమీటర్ల చర్మం ముక్కలు తీసి అందులో ఇదే ప్రొటీన్ కోసం చూసే పరీక్ష 92.7 శాతం మంది రోగుల్లో పాజిటివ్ వచ్చింది. అది కూడా జబ్బును గుర్తించే పరీక్షే, ముదురుతున్న తీరును కొలిచేది కాదు.

రక్తానికి వస్తే, గొట్టం నింపే చేతి దగ్గరే కథ తప్పుతుంది. రక్తంలోని ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 99 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. ప్లాస్మాలో, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, కొలవాలనుకున్నప్పుడు ఎర్రకణాలు కాస్త చితికినా అంకె పైకి ఎగబాకుతుంది, ఆ పెరుగుదలకు మెదడుతో సంబంధమే ఉండదు. సన్న సూదితో బలంగా లాగడం, రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచడం, ఊదారంగు మూత గొట్టాన్ని మెల్లగా 8 నుంచి 10 సార్లు తిప్పడానికి బదులు గట్టిగా ఆడించడం, ఐసు ముక్కలకు నేరుగా తగిలించడం: ప్రతిదీ ఎర్రకణాలను పగలగొడుతుంది. వేరుచేయని రక్తాన్ని ఘాట్ రోడ్డు మీద బస్సులో పంపడం మరీ చెడ్డ పని. తీసినచోటే గంట, రెండు గంటల్లో సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న ప్లాస్మాను వేరే గొట్టంలోకి తీసి, మైనస్ 80 డిగ్రీల్లో ఉంచాలి. ప్లాస్మా లేత గడ్డి రంగులో ఉండాలి, గులాబీ జీర కనిపిస్తే ఆ శాంపిల్ పక్కన పెట్టాలి. కొరాపుట్, రాయగడ వైపు సికిల్‌సెల్ ఉన్నవారికి ఎర్రకణాలు ఒంట్లోనే పగులుతాయి. అలాంటివారిలో ఈ అంకెను నమ్మడానికి వీల్లేదు.

న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అనే ప్రొటీన్ కొంత మెరుగు. నాడీతంతువు దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి కారుతుంది. ఒక్కో అణువును లెక్కపెట్టగల సిమోవా పద్ధతి 2010లో వచ్చాకే దాన్ని రక్తంలో నమ్మకంగా కొలవగలిగారు. మామూలు పార్కిన్సన్స్‌లో ఇది పెద్దగా పెరగదు. ఎంఎస్‌ఏ, పీఎస్‌పీ లాంటి పార్కిన్సన్స్‌ను పోలిన, త్వరగా ముదిరే జబ్బుల్లో బాగా పెరుగుతుంది. ఆ తేడా చెప్పడమే దీని అసలు ఉపయోగం. అయితే ఇది వయసుతో పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుల ప్రాంతం గజపతి, గంజాం జిల్లాల గడప దగ్గరే ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఇక్కడ న్యూరోఫిలమెంట్ చదివితే కిడ్నీ జబ్బును మెదడు జబ్బుగా చదివినట్టే. డోపా డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుందని 2023లో తేలింది కానీ, లెవోడోపాతో ఉండే కార్బిడోపా వల్ల కూడా అది పెరుగుతుంది. మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తానికే దాని మాట చెల్లుతుంది.

కొలవడానికి ముందు తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. గ్యాస్ మాత్రల్లో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్, కళ్లు తిరిగితే ఇచ్చే సినరిజిన్, ఫ్లునరిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ఇవన్నీ అచ్చం పార్కిన్సన్స్‌లాంటి బిగుతునూ వణుకునూ తెస్తాయి. పాత మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లమనేది ఇందుకే. మాంగనీసు సంగతి మరొకటి. దాని దుమ్ము పీల్చినవారికి నడక చెడుతుందని 1837లోనే కూపర్ రాశాడు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1890లలో, విజయనగరం ప్రాంతంలో. ఖనిజం మోసినవాళ్లో, ఫెర్రో ఎల్లాయ్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లో ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఆ జబ్బు లెవోడోపాకు సరిగా లొంగదు, డోపమిన్ స్కాన్ సాధారణంగా మామూలుగానే వస్తుంది.

మెదడు తరంగాల కథ 1924లో హాన్స్ బెర్గర్ మనిషి తల మీద తీగలు పెట్టి తీసిన మొదటి ఈఈజీతో మొదలైంది. పార్కిన్సన్స్‌కు సంబంధించిన అసలు ఆధారం మాత్రం తల లోపల దొరికింది. 1987లో బెనాబిడ్ మొదలుపెట్టిన, మెదడు లోతుకు తీగలు దించి కరెంటు ఇచ్చే లోతు మెదడు ప్రేరణ ఆపరేషన్లలో, కదలికలను అదుపుచేసే సబ్‌థాలమిక్ కేంద్రంలో పెట్టిన తీగలు వినికిడి గొట్టాలయ్యాయి. మందు దిగిపోయినప్పుడు అక్కడ సెకనుకు 13 నుంచి 30 సార్లు కొట్టుకునే బీటా తరంగం బలంగా ఉంటుందని, మందు ఎక్కగానే తగ్గుతుందని 2001లో పీటర్ బ్రౌన్ బృందం చూపింది. ఎంత తగ్గితే బిగుతూ నెమ్మదితనమూ అంత తగ్గుతాయి. క్షణక్షణం మారే స్థితిని చూపే కొలత అప్పుడు చేతికి చిక్కింది. ఆ తరంగాన్ని వింటూ కరెంటును తానే పెంచి తగ్గించే పరికరాలకు 2025లో అమెరికా, ఐరోపా అనుమతులిచ్చాయి.

తల పైనుంచి తీసే ఈఈజీలో బీటా అంత స్పష్టంగా దొరకదు. దొరికేది వేరే: కళ్లు మూసుకున్నప్పుడు తల వెనక భాగంలో ఉండే లయ నెమ్మదించడం. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ లయ సెకనుకు 8.5 కంటే తక్కువ ఉన్న పార్కిన్సన్స్ రోగులకు మతిమరుపు జబ్బు వచ్చే ముప్పు 13 రెట్లు ఎక్కువ కనిపించింది. మూర్ఛ కోసం పెట్టిన మామూలు ఈఈజీ యంత్రంతోనే దీన్ని చూడవచ్చు. అందుకే ఈ మూలకు ముందుగా అందగలిగే కొలత ఇదేనని చెప్పాలి.

దానికీ పద్ధతి ఉంది. ముందురోజు తలంటుకుని, మర్నాడు నూనె రాయకుండా వెళ్లాలి. కొబ్బరినూనె ఉంటే ఎలక్ట్రోడ్ అతుక్కోదు, నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపు దిగదు, గీతల్లో కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ గోల చేరుతుంది. కళ్లు మూసుకుని మెలకువగా కనీసం 5 నిమిషాలు రికార్డు చేయాలి. పడుకున్న చోట చల్లటి గాలికి కునుకు పడితే లయ దానికదే నెమ్మదిస్తుంది, అది జబ్బు కాదు, నిద్ర. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, మెదడులోని థీటా తరంగం 4 నుంచి 8. చెయ్యి వణికి దిండు కదిలితే అది థీటాలా గీత మీద పడుతుంది, మెదడు నెమ్మదించిందని తప్పుగా చదువుతారు. చేతి మీద ఒక అదనపు తీగ పెడితే రెండూ విడివిడిగా తెలుస్తాయి. నిద్రలో కలవరించి చేతులు విసిరేవారికి ఇచ్చే క్లోనజిపామ్ ఈఈజీలో బీటాను పెంచుతుంది, ఆ మాత్ర పేరు ఫారం మీద రాయాలి. ప్రింటు కాగితంతో సరిపెట్టకుండా అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోవాలి, ఏడాది తర్వాత పోల్చాలంటే లెక్కకు అదే కావాలి.

2024లో రెండు పరిశోధక బృందాలు లక్షణాలతో కాకుండా ఒంట్లోని గుర్తులతో ఈ జబ్బును నిర్వచించాలని ప్రతిపాదించాయి. రెండూ తమ లెక్క పరిశోధన కోసమేనని స్పష్టంగా రాశాయి. పైగా ఈ పరీక్షలకు ఆధారమైన సమాచారంలో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపావాళ్లది. అక్కడ పెద్దగా లెక్కకొచ్చే ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జీ2019ఎస్ మార్పు భారతీయుల్లో చాలా అరుదు. ఇక్కడి వయసులు, ఇక్కడి కిడ్నీలు, ఇక్కడి రక్తంతో మామూలు హద్దులు కట్టేవరకు అక్కడి హద్దులు నేరుగా పనికిరావు.

అంతవరకు రక్తం ఇచ్చినా, తల మీద తీగలు పెట్టించుకున్నా, ఫారం మీద రాయించాల్సిన మొదటి సంగతి ఒకటుంది: ఆఖరి మాత్ర ఏది, ఎంత, ఎన్ని గంటలకు. ఉదాహరణకు సిండోపా 110 అనే మాత్రలో ఉండేది లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. "పొద్దున 6:10కి ఒకటి, ఇప్పుడు 11:40" అని రాస్తే చాలు. తెలుగులో రాసినా ఫర్వాలేదు, అంకెలు అందరికీ అర్థమవుతాయి.