స్క్రీన్‌షాట్‌లో కనిపించని పసుపు

రాత్రిపూట పని చేసేటప్పుడు నా కంప్యూటర్ తెర పసుపు తిరిగి ఉంటుంది. ఆ రంగు చూపిద్దామని ఓసారి స్క్రీన్‌షాట్ తీసి మా చెల్లికి పంపితే, "తెల్లగానే ఉంది కదా అన్నయ్యా" అంది. అదే స్క్రీన్‌షాట్ నా తెర మీద పసుపుగానే ఉంది. ఇద్దరం చూసిందీ నిజమే.

తెర మీది ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఇవి తెరకి చేరే ముందు గ్రాఫిక్స్ కార్డులో ఒక పట్టిక గుండా వెళ్తాయి. ఎంత నీలం అడిగితే ఎంత ఇవ్వాలో చెప్పేది ఆ పట్టికే. రాత్రిళ్ళు తెరని పసుపు చేసే ఎఫ్.లక్స్, రెడ్‌షిఫ్ట్ లాంటి ప్రోగ్రాములు బొమ్మల జోలికి వెళ్ళవు, ఆ పట్టికని తిరగరాస్తాయి. ఎరుపుని అలాగే ఉంచి, ఆకుపచ్చని కొంత, నీలాన్ని బాగా తగ్గిస్తాయి. స్క్రీన్‌షాట్ ఈ పట్టిక దాకా రాకముందే తయారవుతుంది కాబట్టి అందులో పసుపు ఉండదు.

ఎఫ్.లక్స్‌ని మైకేల్ హెర్ఫ్, లోర్నా హెర్ఫ్ 2009లో విడుదల చేశారు. ఇదే సదుపాయం 2016లో ఐఫోన్‌లోకి, 2017లో విండోస్ 10లోకి వచ్చింది.

వీటి సెట్టింగుల్లో రంగుని వేడి కొలతలో చెప్పే కెల్విన్ అంకెలు చూసి చాలామంది తికమకపడతారు. కొలిమిలో ఇనుము గుర్తు తెచ్చుకోండి. కాలేకొద్దీ ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, పసుపు, ఆపైన తెలుపు. ఇంకా వేడెక్కించగలిగితే ఆ వెలుగు నీలం వైపు పోతుంది. అందుకే కంటికి వెచ్చగా అనిపించే రంగుకి అంకె చిన్నది. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాతకాలం ఫిలమెంట్ బల్బు 2700, పగటిపూట తెర 6500.

ఎప్పుడు మారాలో రెడ్‌షిఫ్ట్ గడియారం చూసి తేల్చుకోదు. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలతో సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో లెక్క కడుతుంది. 3 డిగ్రీల ఎత్తుకి దిగినప్పుడు రంగు మారడం మొదలై, దిగంతానికి 6 డిగ్రీల కిందికి వెళ్ళేసరికి పూర్తవుతుంది. హైదరాబాదులో పొద్దుగూకే వేళ డిసెంబరు మొదట్లో 5:40కి, జూన్ చివర్లో 6:55కి అటూఇటూగా ఉంటుంది. అంటే మన దగ్గర ఏడాది పొడవునా తేడా గంటంబావే.

అసలు నీలం మీదే ఎందుకు గురి? ఇక్కడ కథ కప్ప చర్మం దగ్గర మొదలవుతుంది. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం కప్ప చర్మంలోని రంగుకణాల్లో వెలుగుని పసిగట్టే ఒక ప్రొటీన్‌ని కనిపెట్టి మెలనాప్సిన్ అని పేరు పెట్టింది. 2002లో బ్రౌన్ యూనివర్సిటీలో డేవిడ్ బర్సన్ బృందం ఎలుక కంటి వెనక పొర అయిన రెటీనాలో, తమంతట తామే వెలుగుకి స్పందించే కణాలు కొన్ని ఉన్నాయని చూపించింది. వాటిలో ఉండేది ఈ మెలనాప్సినే. మనం బళ్ళో చదువుకున్న దండాలు, శంకువులు కాకుండా ఇవి వేరే. ఇవి ముఖ్యంగా చేసేది బొమ్మ చూపించడం కాదు, "బయట ఇంకా పగలే" అని మెదడులోని గడియారానికి కబురు పంపడం. చూపు పూర్తిగా పోయిన కొందరిలోనూ ఈ కబురు అందుతూనే ఉంటుంది. నాకు ఈ విషయం చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ కణాలు అన్నిటికంటే బలంగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకి. చాలా తెరల వెనక ఉండే తెల్ల ఎల్‌ఈడీ నిజానికి పసుపు పూత పూసిన నీలి దీపం. అందుకే రాత్రి తెర ముందు కూర్చుంటే, నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 12 మంది పడుకునే ముందు 4 గంటల పాటు వెలిగే తెర మీద పుస్తకం చదివారు. కాగితం పుస్తకం చదివిన రోజులతో పోలిస్తే వాళ్ళకి నిద్ర పట్టడం సుమారు 10 నిమిషాలు ఆలస్యమైంది. ఆ 4 గంటలూ తెర వెలుగు పూర్తిగా పెంచి ఉంచారన్నది మరిచిపోకూడదు.

మరి పసుపు చేస్తే నిద్ర బాగుపడుతుందా? 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 167 మంది యువతని మూడు గుంపులు చేసి చూశారు: రంగు మార్చిన ఫోన్ వాడినవాళ్ళు, మామూలు ఫోన్ వాడినవాళ్ళు, పడుకునే ముందు ఫోన్ ముట్టనివాళ్ళు. రంగు మార్చినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. 2019లో రెన్సెలార్ పాలిటెక్నిక్ పరిశోధకులు ఐప్యాడ్ మీద చూసిందీ ఇంచుమించు ఇదే: రంగొక్కటే మారిస్తే చాలదు, వెలుగు కూడా తగ్గాలి.

నాకు ఇది సబబుగానే తోస్తుంది. నీలాన్ని తగ్గించినా ఆకుపచ్చ చాలావరకు మిగిలే ఉంటుంది, మెలనాప్సిన్ దానికీ స్పందిస్తుంది. వెలుగు సగానికి దించితే అన్ని రంగులూ సగమవుతాయి. అయినా నేను పసుపుని మానలేదు. చీకటిగదిలో కళ్ళకి హాయిగా ఉంటుంది, ఆ హాయి నాకు చాలు. నిద్ర బాధ్యత మాత్రం దాని మీద పెట్టను.

తొమ్మిది దాటాక టేబుల్ లైటు కింద తెర పక్కనే ఒక పుస్తకం తెరిచి పెడతాను. తెర మీది తెల్లపేజీ ఆ కాగితం కంటే ఎక్కువగా మెరుస్తుంటే, రెండూ ఒకేలా కనిపించేదాకా వెలుగు దించుతాను. మొదటిసారి చేసినప్పుడు వెలుగు తగ్గించే బార్ దాదాపు అట్టడుగుకి చేరింది.