పేదల బాధ్యత ఎవరిది? నాలుగు వందల ఏళ్ల పంచాయితీ

పేదలను ఆదుకోవాల్సింది ప్రభుత్వమా, దాతలూ మతసంస్థలా అన్న చర్చ ఎప్పుడు లేచినా ఒక మాట వినిపిస్తుంది: పూర్వం అంతా క్రైస్తవ చర్చీయే చూసుకునేది, ప్రభుత్వం మధ్యలో దూరింది అని. ఇంగ్లండ్‌లో జరిగింది చూస్తే ఆ మాట నిలబడదు. 1536-40 మధ్య ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించి ఆస్తులు లాక్కున్నాడు. వాటి గుమ్మాల దగ్గర పేదలకు దొరికే తిండీ, ఆసరా పోయాయి. కరువులూ ధరలూ తోడయ్యాక 1601 పేదల చట్టం వచ్చింది. దాన్ని అమలు చేసిందీ చర్చి పారిష్‌లే, అంటే ఒక్కో చర్చి కింద ఉండే స్థానిక ప్రాంతాలే! కాకపోతే కానుకల బదులు పన్ను.

ఇచ్చేవాడికి ఇష్టాయిష్టాలు లేకుండా పోయాయి గానీ, పుచ్చుకునేవాడికి తలవంపులు తప్పలేదు. 1697 చట్టం ప్రకారం సాయం పొందేవాళ్లు కుడి భుజం మీద ఎర్ర గుడ్డతోనో నీలం గుడ్డతోనో కత్తిరించిన ‘పి’ అక్షరం, పక్కన పారిష్ పేరు మొదటి అక్షరం పెట్టుకు తిరగాలి. భార్యాపిల్లలకూ అదే నియమం. 1834 సంస్కరణ మరీ ఘోరం. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పని చేయించుకుని తిండిపెట్టే పేదల నిలయంలో చేరాలన్నది నియమం. అక్కడ మొగుణ్ణీ పెళ్లాన్నీ పిల్లల్నీ విడదీసేవారు. ఆండోవర్ పట్టణంలోని వర్క్‌హౌస్‌లో ఎరువు కోసం ఎముకలు దంచే పని పెడితే, ఆకలికి తాళలేక ఆ ఎముకల్లోని మూలుగే తిన్నారని 1845లో బయటపడింది.

దాతలు మెరుగేమీ కాదు. 1869లో లండన్‌లో పుట్టిన ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ మనుషులు ఇంటింటికీ వెళ్లి, ఎవరు సాయానికి అర్హులో ఆరా తీసేవారు. నేటి సోషల్ వర్కర్ల కేస్‌వర్క్‌కు, అంటే ఒక్కో మనిషి పరిస్థితినీ విడిగా చూసి సాయపడే పద్ధతికి, ఒక మూలం అదే.

మలుపు 1883లో జర్మనీలో వచ్చింది. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఆరోగ్య బీమా దయతో పెట్టింది కాదు, కార్మికులు సోషలిస్టుల వైపు పోకుండా వేసిన ఎత్తు. అయినా చందా కట్టినవాడు చేయి చాచక్కర్లేదు, హక్కుగా అడిగి తీసుకోవచ్చు. బ్రిటన్‌లో 1909 జనవరి 1 నుంచి, ఆదాయం తక్కువున్న డెబ్బై ఏళ్లవాళ్లకు వారానికి అయిదు షిల్లింగుల దాకా పెన్షన్ మొదలైంది, చందా కూడా లేకుండా. దాన్ని పోస్టాఫీసు కౌంటర్‌లో ఇచ్చారు, పేదల చట్టం ఆఫీసులో కాదు. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు.

అమెరికాలో మహామాంద్యం దెబ్బకు దాతృత్వ సంస్థల ఖజానాలు అడుగంటాయి. 1933లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ సహాయ కార్యక్రమం అధిపతి హ్యారీ హాప్‌కిన్స్ ఫెడరల్ సహాయ నిధులను ప్రభుత్వ సంస్థలే పంచాలని నిబంధన పెట్టాడు. ఆ గీత తర్వాత చెరిగింది. 1996 చట్టం మతసంస్థలు తమ మతస్వరూపాన్ని దాచుకోకుండానే ప్రభుత్వ కాంట్రాక్టులకు పోటీపడనిచ్చింది. జర్మనీలో క్యాథలిక్ కారిటాస్, ప్రొటెస్టెంట్ డియాకొని ఆసుపత్రులూ వృద్ధాశ్రమాలూ నడుపుతున్నాయి, ఖర్చులో పెద్ద భాగం ప్రజాధనం, బీమా సొమ్మే.

కాబట్టి బోర్డు మీద ఎవరి పేరుందన్నది కాదు, సాయం ఇవ్వం పొమ్మంటే ఎవర్ని అడగాలన్నదే అసలు పేచీ. విచారణ జరపకుండా సంక్షేమ సాయం ఆపకూడదని 1970లో అమెరికా సుప్రీంకోర్టు గోల్డ్‌బర్గ్ కేసులో తేల్చింది. సొంత డబ్బుతో నడిచే అన్నదాన కేంద్రం తలుపేస్తే అలాంటి విచారణ అడిగే వీలు లేదు.